బిడ్డ మెడ నిలబడే దాకా

కన్నవారికీ కననివారికీ బిడ్డలనిచ్చే దేవునికి స్తోత్రం. మనం ఎవరి బిడ్డలమని అడగకుండా, ఏ కాగితమూ చూపించమనకుండా మనల్ని తన ఇంట్లోకి తీసుకుని, తన పేరు మనకు పెట్టిన తండ్రికి స్తోత్రం. వాగు ఒడ్డున పుట్టిన పసిగుడ్డు ఏడుపు విన్న చెవి ఆయనది. ఆఫీసు బల్ల ముందు పలికిన ప్రతి మాటా విన్న చెవి కూడా ఆయనదే. ఆయన దయకు స్తోత్రం. ఆయన కోపానికీ స్తోత్రం. ఎందుకంటే ఈ మాటలు నేను కోపంతోనే రాస్తున్నాను. నా కోపం పాపమైతే ఆయనే తీసేయాలని మోకాళ్ల మీద అడిగాను. ఇంతవరకు తీయలేదు.

మొన్న మా మందిరంలో టీచరమ్మ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఆమె పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే దాని కింద ఫోటో, ఫోటోకు దండ వచ్చి చేరతాయి. దండ వేశాక మనిషి గోడకు పోతుంది. నాకు ఆమె గోడకు పోవడం ఇష్టం లేదు.

పాటలయ్యాయి, వాక్యం అయింది. చివర విద్యాశాఖ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మైకు దగ్గర నిలబడ్డాడు. ఆమెను ఆయన ఎప్పుడూ చూసినట్టు లేదు. ఎవరో రాసిచ్చింది చదివాడు. "ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క రోజు సెలవు పెట్టని ఆదర్శ ఉపాధ్యాయురాలు. సొంత పనులకంటే పిల్లల చదువే ముఖ్యమనుకున్న త్యాగమూర్తి." అందరూ చప్పట్లు కొట్టారు. సంఘ పెద్దలు ముందు వరసలో కూర్చుని "ఆమేన్" అన్నారు.

నేను ఆమేన్ అనలేదు. బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. సెలవు పెట్టలేదట! సెలవు ఇవ్వని వాళ్లే ఆ మాట అని, దానికి త్యాగమని పేరు పెట్టి, చచ్చిపోయిన మనిషి నెత్తిన కిరీటంలా పెడుతుంటే, ఆమెను ఎరిగినవాళ్లం ఎంతమందిమి నోరు మూసుకుని కూర్చోవాలి?

అందుకని ఆమె ఎట్లా ఉండేదో నేను చెబుతాను.

ఆమె కళ్లు తెరిచి ప్రార్థన చేసేది. మందిరంలో అందరం తలలు వంచితే ఆమె మాత్రం తల ఎత్తి, ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నట్టు చూస్తూ పెదవులు కదిపేది. నేను ఆ సంఘానికి కొత్త కోడలిగా వచ్చినప్పుడు అది చూసి ఆశ్చర్యపోయాను. బయటికి వచ్చాక అడిగాను.

"అక్కా, ప్రార్థనల కళ్లు మూసుకోవా?"

"మూసుకుంటే ఎట్ల చెల్లె? బడిల పొద్దుటి ప్రార్థనప్పుడు ఒకసారి మూసుకున్న. తెరిచి చూస్తే ఒకడు చూరెక్కి కూసున్నడు. ఇద్దరు వాగు దాక పోయిన్రు. అప్పటిసంది మూస్తలేను."

ఆమె నవ్వితే పైపంటి సందు కనబడేది. కాస్త దూరం నడిచాక నవ్వు ఆపి, "అయినా దేవుడు కళ్లు తెరిచే ఉంటడు గదా. మనం మూసుకుంటే ఆయన ఏం చూపిస్తుండో ఎట్ల తెలుస్తది?" అంది.

కోపం వస్తే ఆమె అరిచేది కాదు. డస్టరు తీసుకుని నల్లబల్ల తుడిచేది. బల్ల మీద ఏమీ రాసి లేకపోయినా సరే, ఈ కొస నుంచి ఆ కొసకు, పైనుంచి కిందికి, దాని రంగు పోతుందేమో అన్నంతగా తుడిచేది. టీచరమ్మ బల్ల తుడుస్తుందంటే పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్లు. ఇక ఆమె ఊతపదం "ఉన్నది ఉన్నట్టు రాసుకోండ్రి." గూడెంలోకి ఫారెస్టు గార్డు వచ్చినా, జనాభా లెక్కలవాళ్లు వచ్చినా, బడి తనిఖీకి వచ్చినా అదే మాట. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, చేతులు కట్టుకుని, "ఉన్నది ఉన్నట్టు రాసుకోండ్రి సార్" అనేది.

ఇంకొకటి. నడుముకు చీర మీద ఒక పాత నూలుగుడ్డ బిగించి కట్టుకునేది. ఎండలోనైనా వానలోనైనా, పెళ్లికైనా మందిరానికైనా ఆ కట్టు ఉండేది. నడుము నొప్పి అనుకునేవాళ్లు చూసినవాళ్లు. ఆ కట్టు కథే నేను చెప్పబోయేది.

ఎమర్జెన్సీ పోయిన కొత్తల్లో సంగతి. ఆమె బడి ములకలపల్లి దాటాక అడవి లోపల, వాగు అవతల ఒక గూడెంలో. రెల్లుగడ్డి కప్పు, ఒక్క గది, ఒక్క టీచరు. నా బడి ఇవతల రోడ్డు పక్కన. ఇద్దరిదీ ఒకే సంఘం, ఒకే పంచాయతీ సమితి ఆఫీసు. ఆమె భర్త బొగ్గుబావిలో పనిచేసేవాడు. శనివారం సాయంత్రం బస్సు దిగి, సైకిలు మీద గూడెం వెళ్లి, సోమవారం తెల్లారి తిరిగిపోయేవాడు. మాట తక్కువ, మనసు పెద్ద. వాళ్లకు పిల్లలు లేరు. అందుకు ఆమె ఏడ్వడం నేను చూడలేదు. సంఘంలో ఆడవాళ్లు ఆమె మీద చేయి వేసి ప్రార్థన చేయబోతే మాత్రం, "నాకు గూడెం నిండ పిల్లలున్నరమ్మా, ఆ చేయి వాళ్ల మీద పెట్టుర్రి" అని తప్పుకునేది.

వానలు ఇంకా పడలేదు. విత్తనాలు మూటలు కట్టి ఇళ్లలో వేలాడదీసి ఉన్న రోజులు. గూడెంలో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి. ఆమె భర్త అంతకు ముందు వానాకాలమే చలిజ్వరంతో పోయాడు. ఒకటిన్నర రోజు నొప్పులు పడ్డా కాన్పు కాలేదు. గూడెంలో పురుళ్లు పోసే అవ్వ ఇక తనవల్ల కాదంది. మంచం మీద పడుకోబెట్టి, నలుగురు భుజాన ఎత్తుకుని దవాఖానాకు బయలుదేరారు. టీచరమ్మ బడి వదిలిపెట్టి గొడుగు పట్టుకుని మంచం పక్కన నడిచింది. వాగు దాటుతుండగా మంచం దించమని ఆ తల్లే చేత్తో సైగ చేసిందట. ఇసుకలో బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. తల్లి ఒక్కసారి బిడ్డవైపు చూసి, అక్కడే పోయింది.

అవ్వ బొడ్డు కోసి, బిడ్డను ఎవరికివ్వాలో తెలియక చుట్టూ చూసింది. దగ్గరగా ఉన్నది టీచరమ్మ. కొంగు పట్టింది. బిడ్డను గుండెకు ఎత్తుకుంది. అంతే జరిగింది. ఆ తర్వాత జరిగిందంతా ఆ ఎత్తుకోవడం వల్లనే.

బిడ్డకు దగ్గరి బంధువుల్లో పాలిచ్చే ఆడది లేదు. గూడెం పెద్దలు కూర్చున్నారు. ఆ సాయంత్రమే తేల్చారు. ఎత్తుకున్నదానికే బిడ్డ. అయితే రెండు మాటలు ఇవ్వమన్నారు. బిడ్డకు చనిపోయిన తల్లి పేరే ఉండాలి. తల్లి ఎవరో బిడ్డకు మరిపించొద్దు. ఆమె భర్త శనివారం వచ్చి విని, "నువ్వు మాటిస్తే నేను ఇచ్చినట్టే" అన్నాడు. ఆమె అప్పటికే పెద్దల ముందు మాటిచ్చి ఉంది.

బిడ్డ పుట్టిన మర్నాడు పొద్దున ఆమె దాన్ని చంకనేసుకుని బడి తాళం తీయబోతే అవ్వ అడ్డం వచ్చింది.

"యాడికి పంతులమ్మా?"

"బడికి అవ్వా."

"బడా? పురుట్ల ఉన్న మనిషివి బడేంది?"

"నేనెక్కడ కన్ననే? నువ్వే గదా పక్కన ఉన్నవు!"

"ఎవరు కంటే ఏంది? ఎత్తుకున్నదానిదే పురుడు. పిలగాండ్లను నువ్వు ముట్టుకుంటే, వాళ్లు ఇంటికి పోయి ఇత్తులను ముట్టుకుంటే, మొలవయి. నడు, లోపలికి నడు."

"మరి ఎన్నాళ్లే?"

"ఎన్నాళ్లంటే? బిడ్డ మెడ నిలబడే దాక."

అది ఆ గూడెం పద్ధతి. నెలలూ తేదీలూ వాళ్లకు అక్కర్లేదు. పసిబిడ్డ తన మెడ తాను నిలబెట్టుకునే దాకా, ఆ బిడ్డను ఎత్తుకున్న ఆడమనిషికి గూడెంలో ఎవరూ పని చెప్పరు. పొయ్యి ముట్టించనివ్వరు. నీళ్లకు పోనివ్వరు. అన్నం తెచ్చిపెడతారు. కన్నదా కననిదా అనే ప్రశ్నే వాళ్ల పద్ధతిలో లేదు.

టీచరమ్మను ఒక గుడిసెలో ఉంచారు. వేడినీళ్లు కాచి స్నానం చేయించారు. బాలింతకు పెట్టే పథ్యమే పెట్టారు. పాలిచ్చే తల్లులు వంతులవారీగా వచ్చి బిడ్డకు పాలిచ్చి పోయారు. అవ్వ ఒక నూలుగుడ్డ చింపి ఆమె నడుముకు కట్టు కట్టింది. ఇవన్నీ ఆమె నాకు చెప్పి నవ్వేది. "నా కడుపుకేమైందే, కట్టెందుకు అంటే, అవ్వ ఏమందో తెలుసా చెల్లె? కడుపుకు కాదు పిల్లా, బిడ్డను మోసేది నడుము. అది కూలితే ఇద్దరూ కూల్తరు అన్నది."

బడికి తాళం పడింది. ఈ కబురు సమితి ఆఫీసుకు చేరడానికి ఎంతోకాలం పట్టలేదు. జీపు వచ్చింది. స్కూళ్ల ఇన్‌స్పెక్టరు గూడెంలో దిగి, బడి ఎందుకు మూశారని అడిగితే, గూడెం వాళ్లు దాచకుండా చెప్పారు. "మేమే రావొద్దన్నం సారూ. బిడ్డ మెడ నిలబడలే." ఆయన గుడిసె దాకా రాలేదు. టీచరును ఆఫీసుకు రమ్మని చెప్పి జీపెక్కాడు.

ఆ రోజు ఆమె తెల్లవారగానే నడిచి, రోడ్డెక్కి, బస్సు పట్టుకుని ముందు మా ఇంటికి వచ్చింది. నేను అప్పుడు పచ్చి బాలింతను. నా పెద్దకొడుకు పుట్టి ఇంకా నెల నిండలేదు. నాకు ప్రసూతి సెలవు దొరికింది. దరఖాస్తు ఇవ్వడానికి వెళితే గుమస్తా నా కడుపు చూసి, "కొడుకే పుడతడు పో తల్లీ" అని దీవించి మరీ తీసుకున్నాడు. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. మా అత్త చేతి వంట తింటూ, మంచం మీద కాళ్లు చాపుకుని, జీతం తీసుకుంటూ ఉన్నాను. అందులో తప్పు లేదు. బిడ్డకు తల్లి కావాలి గనక ఇచ్చారు. తల్లి కావాలి అన్నదే కదా అందులోని సంగతి?

ఇద్దరం బిడ్డలను ఎత్తుకుని ఆఫీసుకు వెళ్లాం. ఇన్‌స్పెక్టరు నన్ను చూసి, "మీరు కూర్చోండమ్మా, బాలింతలు" అన్నాడు. ఆమెను కూర్చోమనలేదు.

"ఏమ్మా, బడి మూసేసి గూడెంలో పడుకున్నారట?"

"పడుకోనిస్తదా సార్ ఇది?" అని ఆమె బిడ్డను చూపింది.

"ఎవరి బిడ్డ?"

"నా బిడ్డ."

"మీరు కన్నారా?"

"లే సార్. వాగొడ్డున ఒకామె కన్నది. కని పోయింది. నాకిచ్చిన్రు."

గుమస్తా ఫైళ్ల వెనక నుంచి తొంగి చూసి, "మరి ఆ నడికట్టేంది మేడమ్? కనకుండనే బాలింతవైనవా?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"అవ్ అన్నా," అంది ఆమె. "నువ్వు దున్నకుండనే పంట తింటలేవా, గట్లనే."

ఈసారి గట్టిగా నవ్వారు. ఇన్‌స్పెక్టరుకు కూడా నవ్వొచ్చింది గాని మింగేశాడు.

"చూడమ్మా, ప్రసవిస్తేనే ప్రసూతి సెలవు. పెంచుకున్నవాళ్లకు సెలవు ఇవ్వాలని రూల్స్‌లో ఎక్కడా లేదు."

"లేకపోతే రాయుర్రి సార్."

"రూల్సు మనం రాస్తమా మేడమ్," అన్నాడు గుమస్తా. "హైదరాబాద్‌ల రాస్తరు."

"హైదరాబాద్‌ల తల్లి లేని బిడ్డలు లేరా?"

అప్పుడే ఆమె చేతిలో బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. అది విని నా కొడుకూ అందుకున్నాడు. ఆఫీసంతా ఏడుపు. టైపు మిషను ఆగిపోయింది. ఆమె ఏడ్చే బిడ్డను భుజాన వేసుకుని ఇన్‌స్పెక్టరు బల్లకు దగ్గరగా జరిగింది.

"సార్, ఈ ఇద్దర్ల కన్న బిడ్డ ఏడుపు ఏదో, పెంచే బిడ్డ ఏడుపు ఏదో విని చెప్పుర్రి. చెప్తే ఇప్పుడే పోయి బడి తీస్త."

ఎవరు చెప్పగలరు? నేను గోడవైపు తిరిగి నా కొడుక్కు పాలిచ్చాను. వాడు ఊరుకోగానే ఆ పిల్లను తీసుకుని దానికీ ఇచ్చాను. రెండు ఏడుపులూ ఒకే పాలతో ఆగిపోయాయి. దేవుడు ఆ గదిలో అంతకంటే తేటగా సాక్ష్యం చెప్పలేడు. అయినా ఫైళ్లకు చెవులుండవు.

ఇన్‌స్పెక్టరు గుమస్తాను టీకి పంపాడు. గొంతు తగ్గించాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకింత కోపం ఉండేది కాదేమో.

"నాకూ పిల్లలున్నారమ్మా. ఒక దారి చెప్తాను. దవాఖానాలో డాక్టరు నాకు తెలిసినాయనే. మీరే ప్రసవించినట్టు సర్టిఫికెట్ రాసిస్తాడు. కన్నతల్లి లేదాయె, అడిగేవాళ్లెవరు? కాగితం తెండి, సెలవు నేను మంజూరు చేస్తాను. పిల్లకూ మంచిదే. రికార్డులో మీ సొంత బిడ్డ అవుతుంది."

నేను ఆమె ముఖం చూశాను. అలసిపోయిన ముఖం. ఉద్యోగం పోతే భర్త ఒక్కడి సంపాదన. అదీగాక ఆ గూడెంలో ఉండడానికి ఆమెకు ఆ బడి తప్ప వేరే ఆధారం లేదు. ఒక్క కాగితం తెస్తే అన్నీ చక్కబడతాయి.

ఆమె చీర కొంగు చేతికి చుట్టుకుంది. ఇన్‌స్పెక్టరు బల్ల తుడవడం మొదలుపెట్టింది. ఈ కొస నుంచి ఆ కొసకు. సిరాబుడ్డి జరిపి, దాని కింద కూడా తుడిచింది. ఆయన బిత్తరపోయి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఆమెకు పేరుంది సార్," అంది చివరకు.

"ఎవరికి?"

"కన్నదానికి. ఆ పేరు మార్చనని, ఆమెను మరిపించనని పెద్దల ముందర మాటిచ్చిన. వాగొడ్డున ఒకసారి పోయింది. మీ కాగితం మీద ఇంకోసారి చంపమంటరా?"

"అట్లయితే నేను చేయగలిగింది లేదు. రేపు బడి తెరవాలి. లేదంటే అనుమతి లేని గైర్హాజరని రాస్తాను. ఉద్యోగానికే ముప్పు."

"ఉన్నది ఉన్నట్టు రాసుకోండ్రి సార్. నేను కనలేదు అని రాయుర్రి. బిడ్డ ఉన్నది అని రాయుర్రి. దాని మెడ ఇంక నిలబడలేదు అని కూడ రాయుర్రి."

ఆయన మొదటి మాట ఒక్కటే రాసుకున్నాడు.

చదివేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ ఆఫీసులో అబద్ధానికి సెలవు ఉంది. నిజానికి లేదు. దేవుని భయం ఉన్న ఆడమనిషి నిజం చెబితే ఉద్యోగానికి ముప్పట. అబద్ధం చెబితే ఆశీర్వాదమట. అంతకు ముందు ఏడాదే, ఇదే ఆఫీసు మమ్మల్ని ఊరి మీదికి తోలింది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు కేసులు తెస్తేనే జీతమంది. ఏ ఇంట్లో ఎవరికెందరు పిల్లలో, ఎవరు కడుపుతో ఉన్నారో గడప గడపకూ తిరిగి రాసుకు రమ్మంది. ఆడదాని కడుపు గురించి వాళ్లకు తెలియనిది లేదు. బిడ్డ గురించే ఏమీ తెలియదు.

ఆమె మర్నాడు బడి తెరవలేదు. ఆ తర్వాతా తెరవలేదు. గుడిసెలోనే ఉంది. ఒక పొద్దున అవ్వ చాప పరిచి బిడ్డను బోర్లా పడుకోబెట్టింది. ఆడవాళ్లందరూ చుట్టూ మూగారు. బిడ్డ ముక్కు చాపకు రాసుకుంది, గునిసింది, ముఖం ఎర్రగా చేసుకుంది. తర్వాత మెల్లగా తల ఎత్తింది. అటు చూసింది, ఇటు చూసింది. దించలేదు. గూడెం గొల్లుమని నవ్వింది. అవ్వ టీచరమ్మకు తలస్నానం చేయించి, బడి తాళంచెవి తానే తెచ్చి చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి బడి దూలానికి తొట్టెల వేలాడింది. ఒక చేత్తో తొట్టెల ఊపుతూ, ఇంకో చేత్తో ఆమె అక్షరాలు దిద్దించింది. ఆ నడికట్టు మళ్లీ విప్పలేదు.

ఉద్యోగం పోలేదు. ఎందుకంటే ఆ అడవిలోకి పోవడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. అవసరం వాళ్లది, దయ అన్నట్టు మాట్లాడారు. కానీ ఆ రోజులన్నీ పనిచేయని రోజులుగా రాశారు. సర్వీసు తెగిపోయింది. అప్పుడే కొత్తగా చేరినట్టు లెక్క. ఆమె తర్వాత చేరిన నేను ఆమెకంటే ముందుకు పోయాను, హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. ఆమె చివరిదాకా అట్టడుగునే ఉంది. ఒక తల్లి పేరు కాపాడినందుకు ప్రభుత్వం ఆమెకు వేసిన శిక్ష ఇది. నేను అతిగా చెప్పడం లేదు. శిక్ష అనే మాట తప్ప దీనికి ఇంకో మాట నాకు తెలుగులో దొరకలేదు.

ప్రభుత్వం సంగతి అట్లా ఉంచుదాం, అది దేవుణ్ణి ఎరిగినట్టు చెప్పుకోదు. ఎరిగినవాళ్లమని చెప్పుకునే మనం ఏం చేశాం? ఆమె బిడ్డతో మందిరానికి వచ్చిన మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన ఆమెను మెట్ల మీద ఆపాడు.

"ఏందమ్మా, విశ్వాసురాలివై ఉండి అడవోళ్ల మైల పట్టినవట?"

"మైల పట్టలేదు పెదనాయనా. వాళ్లు నాకు పని చెప్పకుండ అన్నం పెట్టిన్రు. బిడ్డకు పాలిచ్చిన్రు. దాన్ని మీరు మైల అంటే నేనేం చేయాలె? నేనైతే కనికరం అంట."

"మరి పిల్లకు మంచి పేరు పెట్టొద్దా? లేఖనంల పేర్లు లేవా?"

"పేరు ఉన్నదానికి మళ్లీ పేరేంది?"

"మాటకు మాట జెప్తున్నవు. సంఘాన్ని అడిగి తెచ్చుకున్నవా బిడ్డను?"

ఆమె చుట్టూ చూసింది. తుడవడానికి అక్కడ బల్ల లేదు. మందిరం గోడను కొంగుతో తుడిచింది, సున్నం చేతికి అంటేదాకా. "మిమ్ములను దేవుడు తన ఇంట్లకు తెచ్చుకున్నప్పుడు ఎవర్ని అడిగిండు పెదనాయనా?" అని, బిడ్డను సర్దుకుని మెట్లు దిగింది.

దానికి జవాబు ఉంటే ఇప్పటికైనా ఎవరైనా చెప్పండి. మనమందరం పెంపుడు బిడ్డలమేనని పల్లవి ఎత్తి పాడతాం. పాట అయ్యాక మెట్ల మీద నిలబడి, నిజంగా ఒక బిడ్డను పెంచుకున్నదాన్ని నిలదీస్తాం. మన ప్రభువు పేరు ఎరగని గూడెం ఆయన పని చేసింది. పేరు ఎరిగిన మనం తాంబాళంలో కానుకలు పట్టుకుని కూర్చున్నాం.

ఆ తర్వాత ఆమె నిజంగానే సెలవు పెట్టలేదు. జ్వరం వచ్చినా బడికే పోయేది. నేను పోట్లాడేదాన్ని. "అక్కా, నీ సెలవులు నువ్వు వాడుకో, అవి నీవే గదా!"

"నాకు సెలవు లేదన్నరు గదా చెల్లె. సరే, లేదు."

అది త్యాగం కాదు. పంతం. ప్రభుత్వం ముఖం మీద ప్రతి ఉదయం తాళం తీసి వేసిన దెబ్బ. ఆ పంతమే ఆమెను తినేసిందని నేననుకుంటాను. లోపల గడ్డ పెరుగుతుంటే దవాఖానాకు పోవడానికి ఎండాకాలం సెలవుల దాకా ఆగింది. ఆ సెలవుల్లోనే పోయింది. చనిపోవడానికి కూడా దరఖాస్తు ఇవ్వాల్సిన పని లేకుండా చూసుకుంది.

మళ్లీ కూడిక దగ్గరికి వస్తాను. చప్పట్లు ఆగలేదు. గూడెం నుంచి కొందరు వచ్చి మందిరం గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఆ అవ్వ కూడా ఉంది. వంగిపోయింది, చెవి సరిగ్గా వినబడదు. నేను లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఏమంటుండే ఆ మైకు కాడ?" అని అడిగింది.

"టీచరమ్మ ఒక్కనాడు కూడ సెలవు పెట్టలేదంటుండవ్వా. దానికే చప్పట్లు."

అవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత కర్ర ఊతంగా లేచి నిలబడింది. ఆ సన్నటి గొంతు అంత దూరం పోతుందని నేను అనుకోలేదు.

"అబద్ధం!"

మందిరంలో తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"సెలవు లేదన్నోడెవడు? మేమిచ్చినం. బిడ్డ మెడ నిలబడే దాక మేమిచ్చినం. నీళ్లు మేం తోడినం, పొయ్యి మేం పెట్టినం. నీకు ఎరుకలేకుంటే ఎరుకలేదని చెప్పు, కొడకా!"

ఆ పెద్దమనిషి తన చేతిలో కాగితం వైపు చూసుకున్నాడు. ముందు వరసలో ఒక్కరూ ఆమేన్ అనలేదు. ముందు బెంచీలో కూర్చున్న టీచరమ్మ కూతురు లేచింది. కన్నతల్లి పేరు పెట్టుకున్న పిల్ల. ఏన్కూరు వైపు ఒక బడిలో ఇప్పుడు తానే టీచరు. నడిచి వచ్చి అవ్వ చేయి పట్టుకుని, అందరి ముందు నుంచి తీసుకెళ్లి, తన పక్కన కూర్చోబెట్టుకుంది. తల దించలేదు. అప్పుడు చూశాను. ఆ పిల్ల నడుముకు పాత నూలుకట్టు ఉంది.

వెళ్లిపోయే ముందు ఆ పిల్ల నాతో ఒక మాట చెప్పింది. "పిన్నీ, మా బడిల ఒక టీచరు అనాథ బిడ్డను తెచ్చుకున్నది. సెలవడిగితే, నువ్వు కన్నవా అని అడిగిన్రట." ఇన్నేళ్లు గడిచాయి. జీపులు మారాయి, ఆఫీసు పేరు మారింది, బల్ల వెనక మనుషులు మారారు. ఆ ప్రశ్న మాత్రం మారలేదు.

చదువుతున్న సహోదరీ, సహోదరుడా, ఇప్పుడు నాతోపాటు ప్రార్థన చేయండి. మోకాళ్ల మీద చేయండి, పొయ్యి దగ్గర చేయండి, బస్సులో చేయండి, ఎక్కడున్నా సరే. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఈసారి కళ్లు మూసుకోవద్దు. మనం కళ్లు మూసుకుని చేసిన ప్రార్థనలు చాలయ్యాయి.

తండ్రీ, మమ్మల్ని కనకుండానే నీవాళ్లను చేసుకున్నావు. ఇప్పుడు సెలవడిగిన ఆ టీచరును చూడు, ఆమె చేతిలో బిడ్డను చూడు. ఆ బిడ్డ మెడ ఇంకా నిలబడలేదు. ఆ ప్రశ్న అడిగిన నోటిని మూయించు. మూసుకున్న మా నోళ్లు తెరిపించు. రూలు రాసేవాళ్ల చేత రాయించు. రాసేదాకా, ఆమెకు నీళ్లు తోడే చేతులుగా, పొయ్యి పెట్టే చేతులుగా మమ్మల్ని నిలబెట్టు.

ఆమేన్ అనండి. చూస్తూ అనండి.